నాలుగో గడి

ఆగస్టు 7

"ఉపయోగంలో లేదు" అని రాసింది నువ్వే మావయ్యా. కాగితం కింద తోక మెలితిరిగిన ఆ సంతకాన్ని అమ్మకి నువ్వు రాసే ఉత్తరాల కింద చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. నాకు తెలియదా? చెల్లి చదివే హైస్కూలు నోటీసు బోర్డు మీద అంటించారు. కౌన్సెలర్ పోస్టు ఉపయోగంలో లేనందున ఈ నెల నుంచి రద్దు. ఒక్క వాక్యం. మా మోటార్ల రిపేరు షాపులో కాలిపోయిన మోటారుకి కూడా ఇంతకంటే ఎక్కువ రాసి చీటీ కడతాం.

ఉత్తరం ఎందుకంటే, ఫోన్లో నేను అరుస్తాను, నువ్వు "ఆఫీసులో ఉన్నానమ్మా" అని పెట్టేస్తావు. కాగితాన్ని పెట్టెయ్యలేవు.

ఆ పోస్టులో ఉన్నావిడ వారానికి నాలుగు స్కూళ్ళు తిరిగేది. చెల్లి స్కూలుకి మంగళవారం వచ్చేది కాబట్టి పిల్లలు మంగళవారం మేడం అనేవాళ్ళు. మెట్ల కింద, ఆటసామాను గది పక్కన చిన్న గది. రెండు కుర్చీలు, ఒక ఫ్యాను. ఆ ఫ్యాను మోటారు చుట్టింది నేనే. బిగించడానికి వెళ్ళిన రోజు నిచ్చెన మీద నుంచి చూశాను. గది ముందు కుళాయి దగ్గర ఆరేడుగురు పిల్లలు నీళ్ళు తాగుతున్నారు. తాగిన వాళ్ళే మళ్ళీ తాగుతున్నారు. తలుపు తెరుచుకోగానే ఒకరు లోపలికి, మిగిలిన వాళ్ళు మళ్ళీ కుళాయికి. మంగళవారం ఈ స్కూలుకి ఇంత దాహం ఎందుకా అనుకున్నాను.

ఉపయోగంలో లేదని నీకు ఎవరు చెప్పారు? ఎప్పుడు వచ్చి చూశావు? కాగితం మీద రాసి పంపు.

నీ మేనకోడలు


ఆగస్టు 14

కోపిష్టి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివిన కంగారులో మోకాలి నొప్పి మాత్ర రెండు పూటలూ మరిచిపోయాను. నొప్పి మాత్రం నన్ను మరిచిపోలేదు. మీ అత్తయ్య "పిల్ల అడిగిందాంట్లో తప్పేముంది" అంటోంది. ఇంట్లో కూడా నాకు ఓట్లు లేవు.

అమ్మలూ, నేను సెక్షన్లో గుమాస్తాని. నా మీద నలుగురు. ఈసారి ఈ పద్దుకి నిధులు సగమే వచ్చాయి. వాడకంలో లేని పోస్టులు ముందు తీసెయ్యమని పైనుంచి మాట. వాడకం ఎలా తెలుస్తుంది? రిజిస్టరు చూస్తాం. పేరు, తరగతి, తల్లి లేదా తండ్రి సంతకం, సమస్య. నాలుగు గడులు. మీ స్కూలు రిజిస్టరు తెరిస్తే ఆరు పేజీల నిండా ఒట్టి నిలువు గీతలు. నాలుగు గీతలు, అడ్డంగా ఐదోది, మళ్ళీ నాలుగు. పేరు లేదు, సంతకం లేదు. సంతకాల గడిలో ఎన్ని ఉన్నాయో కూడి చూశాను. సున్నా వచ్చింది. సున్నా అంటే ఉపయోగంలో లేదని రాయాలి. అంతే తప్ప నాకు ఆవిడ మీద పగేమీ లేదు.

ఇంతకీ ఆ మేడం నీకేమవుతుంది? స్నేహితురాలా? ఉద్యోగం పోయిందని నీ దగ్గర ఏడిస్తే నీకు కడుపు మండి ఉంటుంది. మా దగ్గర తాత్కాలికంగా టైపు పని ఉంది. ఆవిడ వివరాలు పంపు, ఒక మాట వేసి చూస్తాను.

చిన్నది ఎలా ఉంది? ఈ వయసులో ఆడపిల్లలు నీరసపడతారు, బాగా తినమను.

మా సెక్షన్లో నా నెత్తి మీది ఫ్యాను చేత్తో తోస్తే గాని కదలడం లేదు. కదిలినా ముసలాయన నడిచినట్టు. ఏం రోగం అది?

మీ మావయ్య


ఆగస్టు 19, మంగళవారం

మావయ్యకి,

మేడం నాకేమీ కాదు. చెల్లికి అవుతుంది. ఇంత అర్థం చేసుకోకుండా టైపు పని ఇప్పిస్తానంటావేంటి?

నీకు తెలియని సంగతి చెబుతాను. చెబితే అమ్మ నన్ను చంపుతుంది. మీ అక్కకి నీ ముందు పరువు ముఖ్యం. చెల్లి కనుబొమ్మలు పీక్కుంటుంది. ఒక్కొక్క వెంట్రుక. లెక్కలు చేస్తూ, బస్సులో కూర్చుని, టీవీ చూస్తూ. పోయిన ఏడాది మొదలైంది. ఎందుకని అడగకు. మేమూ అడిగాం, కొట్టాం కూడా. నేనే కొట్టాను. తనకే తెలియదు. ఎడమది మొత్తం పోయింది, కుడిది సగం. పొద్దున్న నేను షాపుకి వెళ్ళే ముందు దాన్ని స్టూలు మీద కూర్చోబెట్టి పెన్సిలుతో రెండూ గీస్తాను. మొదట్లో ఒకటి పైకి ఒకటి కిందకి వచ్చేవి. "అక్కా, నేను స్కూలంతా ఆశ్చర్యపోతూ తిరిగాను" అని నవ్వింది ఒకరోజు. నవ్వింది తనే.

ఎవరు పంపారో తెలియదు, ఒక మంగళవారం కుళాయి దగ్గర నిలబడిందట. తర్వాత ప్రతి మంగళవారం. లోపల ఏం మాట్లాడుకునేవాళ్ళో నాకు తెలియదు. ఏప్రిల్‌లో ఎడమ కనుబొమ్మ మీద నూగు కనబడింది. నాకు కాలిన మోటారు మళ్ళీ తిరిగినప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు. పెన్సిలు పక్కన పడేశాం.

ఇప్పుడు మళ్ళీ మొదలైంది.

గీతలంటావా. నేను రోజంతా చేసేది ఏంటో తెలుసా? మోటారు లోపల స్లాటు స్లాటుకీ రాగి తీగ చుట్లు లెక్కపెట్టడం. చుట్టుకి పేరుండదు, సంతకం ఉండదు. కానీ నాలుగు చుట్లు తగ్గించి కట్టు, మోటారు కాలిపోతుంది. ఒక్కో గీత ఒక్కో పిల్లో పిల్లాడో మావయ్యా. వాటిల్లో నీ మేనకోడలు ఎన్ని గీతలో నువ్వు కూడలేదు.

ఇవాళ మంగళవారం. గదికి తాళం వేసుందట. అయినా మధ్యాహ్నం కుళాయి దగ్గరికి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చానంది చెల్లి.

నీ ఫ్యానుకి కండెన్సరు పోయింది. చిన్న డబ్బా, కొత్తది వేస్తే పది నిమిషాల పని. మోటారు జోలికి ఎవర్నీ పోనివ్వకు.

నీ మేనకోడలు


ఆగస్టు 27

అమ్మలూ,

నీ ఉత్తరం ఆఫీసులో విప్పాను. విప్పకుండా ఉండాల్సింది. పక్క కుర్చీ ఆయన "ఏంటి సార్, కంట్లో నలకా" అన్నాడు. అవునన్నాను.

ఆ గడి లెక్క కట్టింది నేనే. ఇంకెవరైనా కూడినా సున్నాయే వచ్చేది, కానీ కూడింది నేను. అక్కకి ఏ మొహంతో ఫోన్ చెయ్యను?

ఒక దారి ఉంది. జాగ్రత్తగా విను. సెప్టెంబరు పదిహేనులోపు పిల్లల తల్లిదండ్రుల నుంచి జాబితా వస్తే పునఃపరిశీలనకి నోటు పెట్టొచ్చు. ముప్ఫైకి తగ్గకూడదు. ఫారం జతచేశాను, అవే నాలుగు గడులు. సంతకం లేని పేరు లెక్కలోకి రాదు. నాలుగో గడి, అంటే సమస్య, ఖాళీగా వదలకు. అందరికీ "ఇబ్బంది" అని ఒకే మాట రాస్తే ఒకళ్ళే కూర్చుని రాసేశారంటారు. విడివిడిగా, స్పష్టంగా రాయి. నీకు సూటిగా రాయడం బాగానే వచ్చుగా, నాకు తగులుతూనే ఉంది.

కండెన్సరు కావాలని అర్జీ పెట్టాను. మూడు ప్రతులు. ఫ్యాను నిజంగా పాడైందని ధ్రువీకరించడానికి ఒకాయన వచ్చి దానికింద కాసేపు కూర్చుని, చెమట తుడుచుకుని, చూస్తామని వెళ్ళాడు.

మీ మావయ్య


సెప్టెంబరు 6

మావయ్యకి,

నలభై ఒక్క పేర్లు. ముప్ఫై అడిగావు, నలభై ఒకటి పంపుతున్నాను. రిజిస్టర్ పోస్టు, రసీదు నా దగ్గరుంది.

వారం రోజులు, రోజూ షాపు మూశాక, స్కూలు పిల్లలున్న ఇళ్ళన్నీ గుమ్మం గుమ్మం తిరిగాను. మోటార్లకి పూసే వార్నిష్ వాసనతో వెళ్తే సగం మంది గ్యాస్ లీకైందని తలుపు తీశారు. ఒక బస్సు డ్రైవరు "మా వాడికేం పిచ్చి లేదు, పో" అన్నాడు. వాళ్ళావిడ మెట్ల దాకా వెనకే వచ్చి, తడి చేతులు కొంగుకి తుడుచుకుని సంతకం పెట్టింది. "పరీక్షంటే వాంతి చేసుకుంటాడమ్మా, వాడి నాన్నకి చెప్పకు" అంది. అలాగే రాశాను, నాలుగో గడిలో. పక్క తడిపేవాడు, తనలో తను మాట్లాడుకునే పిల్ల, అన్నం దాచి పారేసే పిల్ల. తల్లులు చెబుతుంటే రాస్తూ పోయాను. ఎంత పేరుకుపోయి ఉందో ఇళ్ళల్లో. ఒకావిడ సంతకం పెట్టాక కూడా నన్ను వెళ్ళనివ్వలేదు, ఊరికే మాట్లాడుతూ నిలబడింది.

మేడం దగ్గరికి కూడా వెళ్ళాను. ఇప్పుడు ఏదో కంపెనీలో ఫోన్లకి జవాబు చెబుతోంది. జాబితా చూపిస్తే మొహం మాడ్చుకుంది. "పేర్లు ఇవ్వకమ్మా. నేను గీతలు పెట్టింది చేతకాక కాదు" అంది. సంతకం కూడా పెట్టనంది. పిరికిది. ఉద్యోగం పోయినా మళ్ళీ ఎవరో ఏదో అంటారని భయం. మీలాంటి వాళ్ళ వల్లే మా మావయ్య లాంటి వాళ్ళకి సున్నాలు వస్తున్నాయి అని మొహం మీదే చెప్పి వచ్చేశాను.

మొదటి పేరు చెల్లిది. ముందు మా పేరు చూస్తే మిగతా వాళ్ళకి ధైర్యం వస్తుందని అలా పెట్టాను. వచ్చింది కూడా. తనకి ఇంకా చెప్పలేదు. మేడం వచ్చిన మంగళవారం చెబుతాను. అమ్మ సంతకం మీకు వంకరగా కనబడితే తిప్పి పంపకండి.

నీ మేనకోడలు


సెప్టెంబరు 15

బంగారు మేనకోడలికి,

గడువుకి ముందే నోటు పెట్టేశాను. మా అధికారి జాబితా మొత్తం చదివి, "ఎవరు తయారుచేశారయ్యా, ఇంత చక్కగా స్కూళ్ళు కూడా పంపవు" అన్నాడు. మా మేనకోడలు అని చెప్పలేదు గానీ ఛాతీ కాస్త ముందుకొచ్చింది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నేను పెట్టిన నోటు ఒకటి ఇంత వేగంగా కదలడం ఇదే మొదటిసారి.

జాబితా ప్రతులు నాలుగు సెక్షన్లకి వెళ్ళాయి. ఒక ప్రతి నిర్ధారణ కోసం మీ స్కూలుకే పంపాం. జాబితాలో ఉన్న విద్యార్థులకి నిజంగా అవసరం ఉందో లేదో స్వయంగా విచారించి వారంలో తెలియజేయమని హెడ్మాస్టరుకి రాశాను. మామూలుగా జరిగేదే, కంగారు పడకు. ఆయన సంతకం పెట్టి పంపితే చాలు.

కండెన్సరు అర్జీ కూడా మంజూరైంది. మన రెండు పనులూ ఒకేసారి కదిలాయి.

అక్కని అడిగానని చెప్పు. ఇప్పుడు ఫోన్ చేస్తాను, మొహం చెల్లుతుంది.

మీ మావయ్య


సెప్టెంబరు 24

హెడ్మాస్టరు విచారించాడు.

సోమవారం ప్రార్థన అయ్యాక మైకులో. "ఈ కింది విద్యార్థులు ముందుకొచ్చి వరుసగా నిలబడండి." ఆటల మాస్టారు చేతికి కాగితం ఇచ్చి చదవమన్నాడు. ఆయన ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోయాడు. పేరు. తరగతి. సంతకం ఉంది. సమస్య. నాలుగో గడితో సహా. తప్పని తెలియలేదట, ఫారం అలా ఉందట. ఐదారు పేర్లయ్యాక ఇంగ్లీషు టీచరు పరుగెత్తుకొచ్చి మైకు తీసేసిందట. ఐదారు పేర్ల తర్వాత.

మొదటి పేరు మాది.

తర్వాత హెడ్మాస్టరు, "ఎవరికి కౌన్సెలర్ అవసరమో చెయ్యెత్తండి" అన్నాడు. ఏడు వందల మంది ముందు. ఒక్క చెయ్యి లేవలేదు. డ్రైవరు కొడుకు అక్కడే వాంతి చేసుకున్నాడు.

రెండో పీరియడ్‌కి తరగతి బోర్డు మీద కళ్ళు, ముక్కు, నోరు గీసి ఉన్నాయి. కనుబొమ్మలు లేవు. టీచరు వచ్చేదాకా ఎవరూ చెరపలేదు.

చెల్లి మధ్యాహ్నం ఇంటికొచ్చేసింది. సబ్బుతో మొహం కడుక్కుని, పెన్సిలు తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇంక దీంతో పని లేదక్కా, అందరికీ తెలుసు" అంది. తిట్టలేదు. స్టాఫ్ రూమ్‌లో ఆ కాగితం చూశానంది. "నీ రాతే" అంది. ఆ రోజు నుంచి స్కూలుకి వెళ్ళలేదు. డ్రైవరు మా గుమ్మం ముందుకొచ్చి తిట్టి వెళ్ళాడు. వాళ్ళావిడ ఇప్పుడు నన్ను చూస్తే వీధి దాటి అటువైపు నడుస్తోంది.

స్వయంగా విచారించమని రాసిన చెయ్యి నీదే. కంగారు పడకన్నావు కదా. పడటం లేదు. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు.


అక్టోబరు 3

అమ్మలూ,

ఏడు కాగితాలు చింపి ఇది ఎనిమిదోది. తిట్టినా బాగుండేది, నువ్వు ఈసారి తిట్టలేదు.

ఏకాంతంగా విచారించమని రాయాల్సింది. ఆ ఒక్క మాట రాయలేదు. ముప్ఫై ఏళ్ళుగా రాసే వాక్యం, చెయ్యి దానంతట అదే రాసేసింది. పైపులైన్లకీ బెంచీలకీ ఇదే వాక్యం రాస్తాం.

హెడ్మాస్టరు నివేదిక వచ్చింది. నలభై ఒక్కమందిని విచారించగా అవసరం ఉన్నవారు ఎవరూ లేరు. అధికారి చదివి ఫైలు మూసేశాడు. పోస్టు శాశ్వతంగా పోయింది. ఆ నిధుల్ని విద్యార్థుల భద్రత కింద స్కూలు గేట్లకి కెమెరాలు పెట్టడానికి మళ్ళించారు. నేను ఏదో చెప్పబోయాను. "నువ్వే కదయ్యా జాబితా తెచ్చింది, ఇప్పుడు పిల్లలే వద్దంటుంటే" అన్నాడు.

జాబితా వెనక్కి తీసుకుందామని ప్రయత్నించాను. కుదరదు. ఫైల్లోకి వచ్చిన కాగితానికి పేజీ నంబరు పడుతుంది. మనది అరవై నాలుగు. అరవై మూడు తర్వాత అరవై అయిదు వస్తే దొంగతనం కింద లెక్క. పదేళ్ళు ఉంచి తర్వాత నాశనం చేస్తారు. పదేళ్ళంటే చిన్నది పెద్దదైపోతుంది, అప్పటికి ఎవరికి గుర్తుంటుంది అని నాకు నేను చెప్పుకుంటున్నాను.

మీ అత్తయ్య నాతో మాట్లాడటం మానేసింది. చిన్నదాన్ని కొన్నాళ్ళు మా ఇంటికి పంపుతారా? నేను చూసుకుంటాను.

కొత్త కండెన్సరు వేశారు. ఫ్యాను బ్రహ్మాండంగా తిరుగుతోంది. దాని కింద కూర్చోలేక కుర్చీ గోడ పక్కకి జరుపుకున్నాను.

మీ మావయ్య


అక్టోబరు 9

మావయ్యకి,

చెల్లిని పంపం. నీ మీద కోపంతో కాదు. తను గుమ్మం దాటడం లేదు.

నేను బడి మానేసిన దగ్గర్నుంచి పాత పేపర్లు, షాపుకొచ్చే మోటార్ల వెంట ఉండే పుస్తకాలు, ఏది దొరికితే అది చదివి రాయడం నేర్చుకున్నాను. సూటిగా రాయడమే గొప్ప అనుకున్నాను. మేడం దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. పిరికిదానివన్నందుకు తప్పైపోయిందన్నాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. "ఎన్ని గంటలకి లేస్తోంది? అన్నం తింటోందా? ఒక్కదాన్నే వదిలి మీరు పనికి వెళ్తున్నారా?" అని అడిగింది. నా పేరు అడగలేదు, ఆ పూట కూడా. ఆదివారాలు మా ఇంటికి వస్తానంది. తన సెలవు రోజు, తన బస్సు చార్జీ. మంగళవారం కుళాయి దగ్గర నిలబడే మిగతా నలభై మంది ఇళ్ళకి ఎవరు వెళ్తారంటే తల దించుకుంది. ఆవిడ తల ఎందుకు దించుకోవాలి?

పోయిన ఆదివారం వచ్చింది. ఇద్దరూ లోపలి గదిలో గంట కూర్చున్నారు. మేడం వెళ్ళాక చెల్లి బయటికొచ్చి రెండు వారాల తర్వాత మొదటిసారి నన్ను అడిగింది. "అక్కా, ఆ కాగితం ఇప్పుడు ఎంతమంది దగ్గరుంది?"

నాకు తెలియదన్నాను. కనుక్కుని చెప్పమంది. ఎంతమందో తెలిస్తే భరిస్తానంది. తెలియకపోతే బస్సులో ప్రతివాడూ చదివినట్టే ఉంటుందంది. తెలిశాక స్కూలుకి వెళ్తానంది, ఆ మాట తనే అంది, మేం అడగలేదు.

పోస్టు తెమ్మని నిన్ను అడగను. కాగితం చింపమని కూడా అడగను. పేజీ నంబరు పడ్డాక నీ వల్ల కాదని అర్థమైంది. నా వల్లా కాదు. నేను అడిగేది ఇది. ఒక ఫారం జతచేశాను. స్కేలుతో గీశాను, నువ్వు పంపినట్టే నాలుగు గడులు. ఆ నాలుగు సెక్షన్లలో జాబితా ఎవరెవరి చేతుల్లోంచి పోయిందో వాళ్ళందరినీ అందులో రాయి. పేరు. హోదా. సంతకం. నాలుగో గడిలో, ఆ కాగితం చదవాల్సిన అవసరం వాళ్ళకి ఏమొచ్చిందో విడివిడిగా, స్పష్టంగా. "ఆఫీసు పని" అని అందరికీ ఒకే మాట రాస్తే తీసుకోను. మొదటి వరుస నీకు వదిలాను.

ఇంకొకటి. అరవై నాలుగో పేజీలో మొదటి పేరు ఎదురుగా ఉన్న నాలుగో గడి మీద, అన్ని ప్రతుల్లోనూ, సిరా బాగా పట్టేలా నల్లగా గియ్యి. గీత గియ్యడం దొంగతనం కాదు కదా. మిగతా నలభైకి కూడా గియ్యి.

చెల్లి కేలెండరులో రోజు గుర్తు పెట్టుకుంది. అక్టోబరు ఇరవై ఒకటి, మంగళవారం. పొద్దున్న ఎనిమిదింటికి స్టూలు మీద కూర్చుంటుంది. అప్పుడు నేను ఎంతమందని చెప్పాలి. ఆ లోపు ఫారం నింపి పంపు.